ముప్పై అడుగుల పీచు

ఫైబర్ అనే మాటకు తెలుగు ‘పీచు’ అని తేల్చినవాణ్ణి నేనే. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది. తరవాత ఇంకెవరో చెబితే మీకు నా మీద గౌరవం తగ్గుతుంది. నేనే చెబితే ఆ తగ్గేదేదో ఇక్కడే తగ్గిపోయి ఇద్దరం హాయిగా ఉంటాం.

కోనసీమలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. మూడేళ్ల కిందట, ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఒకటి తన వ్యవహారమంతా తెలుగులోనే నడవాలని తీర్మానించుకుని, పదాలు తయారుచెయ్యడానికి ఏడుగురితో సంఘం వేసింది. అందులో నేనొకణ్ణి. ముందు సంస్థ పేరే మార్చాం. బ్రాడ్‌బ్యాండు కాస్తా ‘విశాల పట్టీ’ అయింది. కనెక్షన్‌ని ‘సంబంధం’ అన్నాం. కాపర్ ఎలాగూ రాగే. ఫైబర్ దగ్గర మాత్రం రెండు పూటలు పట్టింది. ఒకాయన ‘కాంతి తంతువు’ అన్నాడు. ఇంకొకాయన ‘ద్యుతిసూత్రం’ అని, అనేశాక మంచినీళ్లు తాగాడు. అప్పుడు నేను లేచాను.

“అయ్యా, కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, నా మాట వినండి. ఫైబర్ అంటే పీచు. రెండే అక్షరాలు. పసిపిల్లలు కూడా పలకగలరు.”

“కాంతి పీచు అందామా?” అన్నారు అధ్యక్షులు.

“కాంతి ఎందుకండీ, బరువు!” అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, ఆ చప్పట్లు నాకు చాలా బాగున్నాయి.

సంఘం పని అవగానే సంస్థ ఉత్తర్వు తెచ్చింది. అర్జీలో పరభాషా పదం ఒక్కటి కనిపించినా కంప్యూటరు దాన్ని వెనక్కి తిప్పాలి. తెలుగు మాటలున్న అర్జీనైతే ఆ మాటల్నిబట్టి ఏ శాఖకు పంపాలో కూడా కంప్యూటరే తేల్చుకుంటుంది. ప్రభుత్వ శాఖలన్నిటికీ కంప్యూటరు ఒకటే. మనుషులు చదివితే ఆలస్యమవుతుందని ఈ ఏర్పాటు.

ఇక మా ఇంటి సంగతి. మా ఆవిడ హైమావతి తల్లిదండ్రులిద్దరికీ వినపడదు, మాట రాదు. అందుకని ఆవిడకు మాటలకంటే ముందు సైగలు వచ్చాయి. ఇప్పుడు అదే ఆవిడ ఉద్యోగం. ఆఫీసు విశాఖపట్నంలో, పని మా ఇంటినుంచే. వినపడని మనిషి ఆసుపత్రికి వస్తే అక్కడి నర్సు వీడియో కాల్ చేస్తుంది. మా వంటింటి పక్క గదిలో కూచున్న హైమ రోగి చేతుల్ని చూసి డాక్టరుకు నోటితో చెబుతుంది, డాక్టరు చెప్పింది విని రోగికి చేతుల్తో చెబుతుంది.

అలా వచ్చేవాళ్లలో రత్నాలు అనే అమ్మాయి ఒకతె. రొయ్యల షెడ్డులో పని. తొలిచూలు, ఎనిమిదో నెల. మొగుడు వేటకని బోటెక్కితే వారాల తరబడి రాడు. అత్తగారికి సైగలు రావు. రత్నాలు బడికి వెళ్లలేదు కాబట్టి దాని చేతులది సగం సొంత భాష. అది పట్టుకోవడానికి హైమకే మూడు నెలలు పట్టింది.

ఒక సోమవారం రత్నాలు ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి రెండో చెయ్యి లేపి ఏదో చెప్పబోయింది. మా లైను నీరసించి బొమ్మ అక్కడే ఆగిపోయింది. చెయ్యి గాలిలో ఉండిపోయింది. బిడ్డ కదలడంలేదంటోందో, తెగ కదులుతోందంటోందో తెలియదు. డాక్టరమ్మ “ఏమందండీ?” అని అడుగుతూనే ఉంది. హైమ ఆ ఆగిపోయిన చేతిని చూస్తూ పదకొండు నిమిషాలు కూచుంది. తెగ కదులుతోందనే చెప్పబోయిందని చివరికి తెలిసింది. హైమ మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

ఆ వారంలోనే విశాఖపట్నం నుంచి కబురొచ్చింది. నెలాఖరుకల్లా మంచి లైను లేకపోతే మీ బదులు వేరేవాళ్లని చూసుకుంటాం అని. “చూసుకోనీండి. రత్నాలు చేతులు వాళ్లకెవరు చెబుతారు?” అంది హైమ. ఫోను సిగ్నలు మా ఇంట్లో మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన తప్ప దొరకదు. అది మాటకు సరిపోతుంది గాని బొమ్మకు చాలదు.

లైన్‌మన్ నూకరాజు వచ్చి తీగ గోకి చూశాడు.

“రాగి తీగండి. ఉప్పుగాలి తినేసిందండి. ఎంత అతికినా ఇంతేనండాయ్. అదిగో ఫైబరు, మీ ఎదురు స్తంభం దాకా వచ్చేసి సుట్ట సుట్టుకుని కూకుంది. ముప్పై అడుగులండి. అరగంట పని.”

“అయితే వేసెయ్యవయ్యా.”

“నేనెలా ఏత్తానండీ? ఆఫీసు నించి కాయితం రావాలి కదండీ” అన్నాడు.

మర్నాడే విశాల పట్టీ సంస్థకు వెళ్లాను. ఉపసంచాలకులు పేర్రాజుగారు కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టారు.

“పీచు పదకర్తలు స్వయముగా పీచు కోరి విచ్చేయుట సంస్థ భాగ్యము!” అన్నారు. ఆయన మామూలుగా మాట్లాడటం మానేసి మూడేళ్లయిందట.

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఫారం తీసుకుని నింపాను. ‘పాత సంబంధము ఎన్నాళ్లది? ఎందుకు వద్దనుకొనుచున్నారు? కొత్త సంబంధమునకు ఇంట్లోవారి అభ్యంతరము గలదా?’ అని ప్రశ్నలున్నాయి. భార్య సంతకం కూడా కావాలిట. ఇంటికి తెస్తే హైమ కడుపుబ్బ నవ్వి సంతకం పెట్టింది. ఆ నెలలో ఆవిడ నవ్వింది అప్పుడే.

అర్జీ నా సొంత చేత్తో రాశాను: ‘మా ఇంట రాగి మూలమున వేగము మందగించి మిక్కిలి బాధగా నున్నది. కావున రాగి మాన్పించి వెంటనే పీచు ఇప్పించ ప్రార్థన.’ పరభాషా పదం ఒక్కటి లేదు. పేర్రాజుగారు పైకి చదివి, “ఆహా!” అన్నారు. కంప్యూటరు కూడా కిమ్మనకుండా పుచ్చుకుంది.

నాలుగో రోజు ఒకావిడ సంచీతో మా గుమ్మంలోకి వచ్చింది. పేరు సుగుణకుమారి అనీ, అర్జీ చూసి వచ్చాననీ చెప్పింది. ఇంత త్వరగా వచ్చినందుకు సంతోషించి కుర్చీ వేశాను.

“బాధ ఎన్నాళ్లనించండీ?”

“వర్షాలు పడ్డప్పట్నించీ.”

“రోజూ వస్తుందా?”

“వస్తుంది. మధ్యలో ఆగిపోతుంది.”

“ఏ పూట ఎక్కువ?”

“పొద్దున్నే కాస్త నయం. సాయంత్రం అందరూ మొదలుపెట్టాక ఇక కదలదు.”

ఆవిడ కలం ఆపింది. “అందరూ అంటే?”

“వీధి మొత్తం.”

ఆవిడ కాసేపు నన్నే చూసి, అదీ రాసుకుంది. “కంగారుపడకండి. కానీ రాగి మాత్రం మానకండి మాస్టారూ. రాగిలోనే బోలెడు పీచుంటుంది. పొద్దున్నే జావ కాచుకుని మజ్జిగ కలుపుకుని తాగితే వేగం దానంతటదే వస్తుంది” అని చెప్పి, పోషకాహారం మీద ఒక పుస్తకం చేతిలో పెట్టింది. దాని అట్టమీద తోటకూర బొమ్మ చూశాకగాని ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, వీధిలో మంచినీళ్లు ఎక్కణ్ణించి వస్తాయని అడిగింది.

రామేశ్వరం వెళ్లినా శనేశ్వరం వదల్లేదన్నట్టు, మర్నాడు త్రిమూర్తులుగారు దిగారు. ఈయన కొబ్బరి పీచు అభివృద్ధి శాఖ అధికారి. వెనకాల వ్యానులో ఎనిమిది బస్తాల పీచు.

“ఎక్కడ దింపమంటారండీ?” అన్నారు.

ఆయన్ని కూచోబెట్టి, గాజుతో చేసిన సన్నటి తీగ అనీ, అందులోంచి వెలుగు పరుగెత్తుతుందనీ, ఆ వెలుగే బొమ్మల్నీ మాటల్నీ మోసుకొస్తుందనీ అరగంట చెప్పాను. క్లాసులో కూడా అంత ఓపిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు.

“మీరు చెప్పేది ఫైబరండి. ఇందులో పీచు అని రాసుందండి. ఆ మాట ఇలా మార్చిందెవరో గానండీ, ఆ మహానుభావుడు మా శాఖకి ఊపిరి పోశాడండి. రెండేళ్లయింది, మాకు అర్జీ అన్నదే లేదు. ఎత్తేత్తారని బెంగెట్టుకుని ఉన్నామండి. ఇప్పుడు ‘ఇంటింటికీ పీచు’ అని పైనించి పథకం వచ్చింది. మన జిల్లాలో మీదే మొదటి ఇల్లండి.”

“నా అర్జీ వెనక్కి తీసుకుంటాను.”

“మొదటిల్లు ఎనక్కెళ్లకూడదండి మాస్టారూ. అపశకునం” అన్నారు, నిజంగానే బాధపడుతూ.

ఆ మహానుభావుణ్ణి నేనేనని చెప్పలేదు. బస్తాలు వరండాలో దింపారు. చెప్పులేసుకుని తిన్నగా పేర్రాజుగారి దగ్గరకు పరుగెత్తాను.

“అయ్యా, ఈ పీచు ఆ పీచు కాదు.”

“పీచు అనగా పీచే. నిర్వచనమున విచక్షణకు తావు లేదు.”

“ఆ మాట పెట్టింది నేను. నేనే చెబుతున్నా కదండీ!”

“మీరు చెప్పునది మౌఖికము. పదకోశము లిఖితము. పదమును కన్నంత మాత్రమున దాని అర్థముపై పదకర్తకు హక్కు రాదు.”

“పోనీ, కాంతి పీచు అని మార్చి రాసిస్తాను.”

“కాంతి అను విశేషణము పదకోశమున లేదు. బరువని తమరే వద్దన్నట్టు సమావేశ వివరములలో గలదు.”

నాకు ఒళ్లు మండింది. “అయితే ఫైబర్ అనే రాసిస్తాను, పొండి!”

పేర్రాజుగారు తలుపు వైపు చూసి, మూడేళ్లలో మొదటిసారి మామూలు తెలుగులోకి దిగారు. “ఆ మాట నా ఎదురుగా అనకండి మాస్టారూ. అంటే మీమీద నివేదిక రాయాలి. ఉద్యోగం చేసుకునేవాణ్ణి.”

తరవాతి వారం రెండు శాఖలూ కూచుని సమన్వయ సమావేశం పెట్టుకున్నాయి. నన్నూ పిలిచారు. ఒక శాఖ దగ్గర స్తంభం ఉంది, ఇంకో శాఖ దగ్గర పీచు ఉంది, నా దగ్గర ఇల్లుంది. ఇక అడ్డేముంది అన్నారు. స్తంభం నుంచి ఇంటి వరకూ పీచు సంబంధం కల్పించాలనీ, దాని నిడివి ముప్పై అడుగులనీ, మందం బొటనవేలంత ఉండాలనీ నిర్ణయించారు. ‘ఒక గృహమునకు ఒకే సంబంధము. రెండవ సంబంధము ఉంచుకొనుట నిషిద్ధము’ అనే నిబంధన ప్రకారం పాత రాగి తీగ ముందుగానే కోసెయ్యాలని చివర్లో చేర్చారు.

మర్నాడు నూకరాజే వచ్చి కోశాడు. “సెమించండి మాస్టారూ. కాయితం వచ్చేసిందండి” అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇన్నాళ్లూ బొమ్మ ఆగేది. ఇప్పుడు బొమ్మే లేదు.

హైమ రోజుకు నాలుగుసార్లు మేడెక్కి నర్సుకు ఫోన్ చేసి రత్నాలు ఎలా ఉందని అడిగేది. నర్సు బాగానే ఉందనేది. “బాగుందని రత్నాలు చెప్పిందా, మీరు చెబుతున్నారా?” అనేది హైమ. నా పెళ్లాం ముఖం చూడలేక ఆ రోజుల్లో నేను కాలేజీలో లేని పని కల్పించుకుని కూచునేవాణ్ణి.

ప్రారంభోత్సవం శుక్రవారం ఉదయం పెట్టారు. వీధిలో షామియానా వేశారు, మైకు పెట్టారు. ఎదురు స్తంభం నుంచి మా కిటికీలోకి కొత్త కొబ్బరి తాడు లాగి, దాని రెండో కొసను హైమ పనిచేసే బల్ల కోడుకు కట్టారు. తాడు నడిమధ్య బంతిపూల దండ. దానికి ఆరడుగుల పైన గాజు ఫైబరు స్తంభానికి చుట్ట చుట్టుకుని, చుట్టంలా చూస్తోంది.

వేగ పరీక్ష మొదలైంది. స్తంభం దగ్గర పేర్రాజుగారు, గదిలో త్రిమూర్తులుగారు. పేర్రాజుగారు తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు.

“కదిలిందండోయ్!” అని గదిలోంచి కేక వచ్చింది.

“ఎంతసేపటికి?”

“మీరు గుంజగానేనండి! బల్ల కూడా కదిలిందండి!”

పేర్రాజుగారు మైకు అందుకున్నారు. “ఈ కొస లాగిన తక్షణమే ఆ కొస చలించినది. ఆలస్యము శూన్యము. రాష్ట్రమున ఇంతవరకు ఏ సంబంధమునకును శూన్య ఆలస్యము నమోదు కాలేదని తెలియజేయుటకు గర్వించుచున్నాను!”

జనం చప్పట్లు కొట్టారు. త్రిమూర్తులుగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, ఆయన సంతోషంలో మోసం లేదు.

అప్పుడే హైమ మేడమెట్లు దిగి వచ్చింది. చేతిలో సంచీ ఉంది.

“ఏమండీ, రత్నాలుకి నొప్పులొచ్చాయిట. తెల్లారగట్లనించీ బల్ల మీదే ఉంది. ఆపరేషన్ చెయ్యాలంటున్నారుట. ఇది వాళ్ల చేతులు తోసేస్తోందిట, ఏదో చెబుతోందిట, ఎవరికీ అర్థం కావట్లేదుట. నేను వెళ్తున్నాను.”

“అమ్మా, లబ్ధిదారు స్పందనగా రెండు పలుకులు…” అని పేర్రాజుగారు మైకు చాపారు. హైమ ఆయన్ని చూడను కూడా చూడలేదు. బంతిపూల దండ కిందనించి వంగి బస్టాండు వైపు నడిచింది. నేను వెనకాలే రెండడుగులు వేశాను. ఆవిడ తిరక్కుండానే, “మీరొచ్చి అక్కడ చేసేదేముంది?” అంది. ఆ మాట నిజమే. ఆ ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి.

చాపిన మైకు వృథా పోకూడదని నా చేతికిచ్చారు. పదకర్తగారు మాట్లాడతారన్నారు.

“ఫైబర్” అన్నాను.

పేర్రాజుగారి ముఖం పాలిపోయింది.

“మాకు ఫైబర్ కావాలి. ఈ తాడు మాకొద్దు. తప్పు నాది. పీచు అన్నది నేను, కాంతి తీసెయ్యమన్నదీ నేనే, చప్పట్ల కోసం. అక్కడ ఒక పిల్ల ఏం చెబుతోందో తెలియక చస్తున్నారు. ఆ స్తంభం మీదున్నది ఫైబర్. దాన్నిక్కడికి లాగండి!” అని అరిచాను. ఏడుపొచ్చిందని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

మూడుసార్లు అన్నానని పేర్రాజుగారు వేళ్లతో లెక్కపెట్టి, గుమాస్తాతో నివేదిక రాయించారు.

హైమ ఆసుపత్రికి చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది. అప్పటికి ఆపరేషన్ అయిపోయింది, రత్నాలు మత్తులో పడుకునుంది. ఆడపిల్ల. తల్లీ పిల్లా కులాసా. ఆవిడ ఫోన్ చేసి ఈ మాట చెబితే నేను, “పోనీలే, అంతా మంచే జరిగింది” అన్నాను.

“చేతులు కట్టేశారండీ” అంది హైమ. “బల్ల మీద అందరికీ కడతారుట, కదలకుండా. వాళ్ల తప్పేం లేదు. కానీ దానికి చేతులు కడితే నోరు కట్టినట్టేనని వాళ్లకి తెలీదు కదా. ఎందుకు కోస్తున్నారో, బిడ్డ బతికుందో లేదో అడగడానికి కూడా లేదు దానికి. వేళ్లు మాత్రం ఆడిస్తూనే ఉందిట.”

ఆవిడ ఫోన్ పెట్టేశాక నేను మేడ దిగి, వరండాలో పీచు బస్తాల పక్కన కూచున్నాను.

ఇక నా నేరం సంగతి. పరభాషా పదం ఉన్న అర్జీని కంప్యూటరు తిప్పికొడుతుంది నిజమే. కాని నేర నివేదికలో అన్న మాటను అన్నట్టే రాయాలి, లేకపోతే నేరం రుజువు కాదు. కాబట్టి నివేదికల్ని మాత్రం కంప్యూటరు అడ్డుపెట్టకుండా పుచ్చుకుంటుంది. ‘సదరు వ్యక్తి తన ఇంటికి ఫైబర్ కావలెనని సభాముఖమున మూడు పర్యాయములు పలికినాడు’ అని పేర్రాజుగారు పంపారు. ఫైబర్ అనే మాట వస్తే లైన్ల విభాగానికి పంపాలన్న పాత ఏర్పాటును కంప్యూటరులోంచి తీసెయ్యడం ఎవరికీ తోచలేదు. అది మూడేళ్లుగా ఆ మాట కోసమే కాచుకుని కూచుంది.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి నూకరాజు నిచ్చెనతో వచ్చాడు. “కాయితం వచ్చిందండాయ్!” అన్నాడు. కాయితం మీద ‘నేరము: ఫైబర్. చర్య: వెంటనే తీసుకొనవలెను’ అనుంది. వెంటనే తీసుకున్నాడు. అరగంట పట్టింది. తాడు విప్పడానికి త్రిమూర్తులుగారి శాఖ ఒప్పుకోలేదు కాబట్టి, తీగ జారకుండా దాన్ని ఆ తాడుకే కట్టాడు. మా ఇంటి ఫైబర్ పీచు మీద పడుకుని వస్తోంది. జిల్లా నివేదికలో ‘ఇంటింటికీ పీచు’ పథకం కింద ఒక ఇల్లు పూర్తయినట్టు రాసుకున్నారని విన్నాను. నాకు సంజాయిషీ నోటీసు కూడా వచ్చింది. అందులో ఫైబర్ అని ఐదుసార్లు ఉంది.

మొదటి కాల్ మధ్యాహ్నం రత్నాలు వార్డు నుంచే వచ్చింది. కుట్లు చూడటానికి డాక్టరమ్మ వచ్చిందిట. హైమ రమ్మంటే నేనూ వెళ్లి వెనకాల నిలబడ్డాను. బొమ్మ ఎంత తేటగా ఉందంటే, పసిపిల్ల మణికట్టుకు కట్టిన నల్లదారం పోగులు కూడా కనిపిస్తున్నాయి. పిల్లని నర్సు ఒళ్లో పెట్టి రత్నాలు రెండు చేతులతో మాట్లాడటం మొదలుపెట్టింది. మణికట్ల మీద రాపిడి మరకలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“ఏమంటోంది?” అన్నాను.

“ఆ రోజు కొయ్యకముందే నువ్వెందుకు రాలేదని అడుగుతోంది. ఎన్నిసార్లు పిలిచినా నీ బొమ్మ ఎందుకు రాలేదు, అంటోంది” అంది హైమ. నా వైపు తిరిగింది. “ఏం చెప్పమంటారు?”

“లైను పోయిందని చెప్పు.”

హైమ తెరవైపు తిరిగి చేతులు కదిపింది. లైను పోయింది అని చెప్పడానికి అంతసేపు పట్టదు. స్తంభాన్ని చూపించింది, తాడు పేనినట్టు అరచేతులు రాసింది, చప్పట్లు కొట్టినట్టు చేసింది, చివర్న నన్ను చూపించింది.

“ఏం చెప్పావు?”

“జరిగింది చెప్పాను” అంది.

రత్నాలు చేతులు దించేసింది. దించి, హైమ భుజం మీదుగా నన్ను చూసింది. నేను బొమ్మ ఆగిపోతుందేమోనని ఎదురుచూశాను. ఆగలేదు. ఆ అమ్మాయి రెప్ప వాల్చడం, మళ్లీ ఎత్తి నన్నే చూడటం, ఏదీ ఒక్క క్షణం కూడా ఆలస్యం లేకుండా మా ఇంటికి వచ్చేస్తోంది. నేనే కళ్లు తిప్పుకున్నాను.